నాలుగో మెట్టు

పున్నమ్మకు ఊరికే కూర్చుంటే ఊపిరాడదు. పెనుబల్లిలో ఉన్నన్నాళ్లూ ఆమె కూర్చున్నది తక్కువ. తెల్లవారకముందే కొట్టంలో పేడ తీయించడం, మిరపతోటకు కూలీలను తోలడం, పాలు కాచడం, మళ్లీ తోట. భర్త వెంకటప్పయ్య పోయాక కూడా ఆ పరుగు ఆగలేదు. అలాంటి మనిషి, కోడలు నెల తప్పిందని కబురు రాగానే పొలం మరిది బసవపున్నయ్యకు అప్పజెప్పి, ఒక ట్రంకుపెట్టె, రెండు జాడీల పచ్చడి పట్టుకుని కొడుకు దగ్గరికి అడవికి వచ్చేసింది.

కొడుకు వెంకటరామారావు టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో డాక్టరు. ఒకప్పుడు విదేశీ పాదరీలు కట్టిన ఆసుపత్రి అది. వాళ్లు వెళ్లిపోయి చాలా కాలమైంది. వెంకటప్పయ్య కమ్యూనిస్టు పార్టీ మనిషి కావడంతో, పార్టీవాళ్లే అబ్బాయిని వైద్యం చదవడానికి రష్యా పంపించారు. చదువు ముగించుకుని వచ్చేటప్పుడు అతను లిదియాను పెళ్లి చేసుకుని వెంట తెచ్చుకున్నాడు. ఆమె నర్సు. వోల్గా నది ఒడ్డున ఏదో చిన్న ఊరు. పున్నమ్మకు ఆ పేరు నోరు తిరగక 'లిద్దమ్మ' అని పిలిచేది.

లిద్దమ్మకు అన్నం, నీళ్లు, చాలు, వద్దు, అత్తయ్య లాంటి కొన్ని మాటలే వచ్చు. పున్నమ్మకు ఆమె భాషలో ఒక్క ముక్కా రాదు. వెంకటరామారావు ఉంటే ఇద్దరి మధ్యా మాటలు నడిచేవి. కానీ ఆ వానాకాలం మలేరియా ముదిరింది. అతను జీపులో గూడేలకు వెళ్తే రెండేసి రోజులు వచ్చేవాడు కాదు. లిద్దమ్మ ఆసుపత్రిలో పని చేయాలంటే ఢిల్లీ నుంచి ఏదో అనుమతి రావాలట. ఏడాది నుంచి అది రాలేదు. దాంతో ఆ ఇంట్లో పనిలేని ఆడవాళ్లు ఇద్దరయ్యారు.

పున్నమ్మ తోమిన గిన్నెలనే మళ్లీ తోమేది. బియ్యంలో రాళ్లు లేకపోయినా ఏరేది. లిద్దమ్మ వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేది. వాన కురుస్తున్నా నడిచేది. పొట్ట కనబడడం మొదలైనా ఆ నడక తగ్గలేదు. నడుస్తూ నడుస్తూ సన్నగా ఒక పాట తీసేది. మాటలుండవు, రాగమే. కిందినుంచి మెల్లగా ఎక్కి, పైన ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఒక్కో మెట్టూ దిగే పాట. రోజూ అదే. సగంలో ఆపేసి మళ్లీ మొదటికి వచ్చేది.

"గా పాట ఇంటుంటె నాకు పని సాగది పెద్దమ్మా," అంది ఆయా రూప్లి ఒకరోజు బట్టలారేస్తూ. రూప్లిది పక్క తండా. "ఏడుపు పాటనా, పెండ్లి పాటనా, ఏందది?"

"నాకేం తెలుసే. అడుగుదామంటే మాట లేకపాయె."

నిజానికి ఆ పాట పున్నమ్మను వదలడం లేదు. చింతపండు పిసుకుతుంటే చేతుల్లోకి వచ్చేది. స్నానం చేస్తుంటే నోట్లోకి వచ్చేది. సగం వరకూ వచ్చి ఆగిపోయేది, లిద్దమ్మ ఆపినచోటే.

ఆసుపత్రి వెనక పాత ప్రార్థన హాలు ఉంది. అందులో విరిగిన మంచాలు, స్ట్రెచర్లు, టార్పాలిన్ కప్పిన ఒక పియానో. పున్నమ్మ ఒక మధ్యాహ్నం తోచక ఆ హాలు ఊడవడానికి వెళ్లింది. ఎవరూ ఊడవమనలేదు. టార్పాలిన్ దులిపి, మూత ఎత్తి, తెల్ల మెట్లను తడిగుడ్డతో తుడుస్తుంటే ఒక్కొక్కటీ మోగింది. ఆమె ఉలిక్కిపడి అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. మళ్లీ ఒకటి నొక్కింది. పాటలో మొదటి స్వరంలా అనిపించింది. రెండోదాని కోసం పక్కది నొక్కింది, కాదు. ఇంకోటి, కాదు. చాలాసేపు వెతుక్కుంది. పొలంలో జారిపడిన ముక్కుపుడక వెతికినట్టు వెతుక్కుంది.

"గట్ల కాదమ్మా, ఒకటి ఇడిసిపెట్టి నొక్కు," అన్న మాట కిటికీలోంచి వచ్చింది.

అహ్మద్ పాషా అతను. ఇల్లెందులో పెళ్లిళ్లకు బ్యాండు కట్టే మాస్టరు. భార్య ఖుద్సియాకు కడుపులో గడ్డ తీశారు. ఆమె వార్డులో ఉంటే, ఇతను పగలంతా ఆసుపత్రి ఆవరణలో కాలు కాలిన పిల్లిలా తిరిగేవాడు.

"మీకు ఇది వాయించడం వచ్చా మాస్టరూ?"

"నాది క్లారినెట్. గీ పెట్టె ఎన్నడు ముట్టలే. హార్మోని తెలుసు. గిదీ గసుంటిదే కదా, తీగెలు లోపల్నుంటయి. ఏ పాట గది?"

పున్నమ్మకు సిగ్గేసింది. అయినా గొంతు సవరించుకుని కూనిరాగం తీసింది. పాషా లోపలికి వచ్చి, ఒక వేలితో మెట్లను వెతుకుతూ వెంట వచ్చాడు. ఒక్కోచోట ఆగి, "మళ్ల ఒక్కసారి అనమ్మా," అని అనిపించుకున్నాడు. చివరికి ఒక్క స్వరం తప్ప అంతా దొరికింది. ఆ పాడుబడ్డ హాల్లో, శ్రుతి చెదిరిన ఆ పాత పియానో మీద, లిద్దమ్మ పాట లిద్దమ్మ లేకుండానే వినబడింది.

"నాకు నేర్పుతారా?"

"నేర్సుకొని ఏం జేస్తవమ్మా?"

"ఏం చేస్తానో నాకూ తెలియదు. నా కోడలు నాతో మాట్లాడదు, నేను దాంతో మాట్లాడలేను. ఇదొక్కటే ఇద్దరికీ తెలిసింది."

పాషా ఆమెను పియానో ముందు కూర్చోబెట్టాడు. సరిగమలు చెప్పబోయాడు. పున్నమ్మకు అవి బుర్రకెక్కలేదు. "అంకెలైతే వస్తాయి మాస్టరూ," అంది. దాంతో అతను వార్డులోంచి సుద్దముక్క తెచ్చి తెల్ల మెట్ల మీద ఒకటి నుంచి ఏడు దాకా రాశాడు. ఏడు తర్వాత మళ్లీ ఒకటి. పై వరసలోవాటికి నెత్తిన చుక్క, కింది వరసలోవాటికి కింద చుక్క. ఒక పాత ఎక్స్‌రే కవరు చింపి, దాని మీద పాటంతా అంకెల్లో రాసిచ్చాడు. కింది ఆరు, ఒకటి, రెండు, మూడు. ఆగాలి. మూడు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. అంకె పక్కన గీత ఉంటే ఊపిరి పట్టినంతసేపు వేలు తీయొద్దన్నాడు.

ఆ దొరకని స్వరం నాలుగో మెట్టుది. నొక్కితే చెక్క చప్పుడు తప్ప ఏమీ రాదు. పాషా ముందు పలక ఊడదీసి చూసి, "ఎలకలు దీని తీగెను కొట్టే సుత్తినే కొరికినయి," అన్నాడు.

"అయితే పాట పోయినట్టేనా?"

"ఎందుకు పోతది? నాలుగు వచ్చినకాడ నోటితోటి అను."

పున్నమ్మ అలాగే చేసింది. మధ్యాహ్నం లిద్దమ్మ కాసేపు నడుం వాల్చగానే హాలుకు పరుగెత్తేది. కలుపు తీసి తీసి గట్టిపడిన వేళ్లు ఒక మెట్టు బదులు రెండు నొక్కేవి. విసుగొచ్చి మూత ధడేలుమని వేసి వెళ్లిపోయేది. వాకిలి దాటకముందే మళ్లీ వెనక్కి వచ్చేది. పాషా తిట్టేవాడు కాదు కానీ వదిలిపెట్టేవాడూ కాదు. "ఉరకకమ్మా, ఎవలన్న తరుముతున్నరా? గీత కాడ ఆగు. ఆగుడే పాట." పున్నమ్మకు అన్నిటికంటే కష్టమైంది ఆ ఆగడమే. వేలు మెట్టు మీద ఉంచి ఏమీ చేయకుండా ఉండడం ఆమె జన్మలో ఎరగదు. ఒక్కోరోజు ఖుద్సియా కూడా గోడ పట్టుకుని మెల్లగా నడిచొచ్చి గుమ్మంలో కూర్చునేది. "పెండ్లయిననాటి నుంచి నాకొక్క పాట నేర్పలే ఈన," అని పున్నమ్మతో చెప్పి నవ్వి, కుట్లు లాగితే మూలిగేది.

ఖుద్సియాను ఇంటికి పంపించే రోజు పాషా హాల్లోకి వచ్చి, పున్నమ్మ వాయిస్తే మొదటి నుంచి చివరి దాకా విన్నాడు. "బాగనే ఉందమ్మా. కానీ ఒక్కమాట. గీ పాట ఈడ అయిపోలే. ఇంకో ముక్క ఉండాలె. నడిమిట్ల తెగ్గొట్టినట్టున్నది," అన్నాడు. ఆపైన భార్య చెయ్యి పట్టుకుని ఇల్లెందు బస్సెక్కాడు.

ఆ తర్వాత రెండు రోజులకు, వాన వెలిసిన మధ్యాహ్నం, పున్నమ్మ ఒక్కతే వాయించుకుంటోంది. మూడు దాటి నాలుగు దగ్గర గొంతెత్తి అంది. వెనక ఏదో అలికిడైంది. తిరిగి చూస్తే లిద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఒక చెయ్యి పొట్ట మీద, ఒక చెయ్యి తలుపు మీద. మొహంలో రక్తం లేదు.

పున్నమ్మ నవ్వింది. ఈ ఘడియ కోసమే కదా నేర్చుకుంది. మళ్లీ మొదటినుంచి వాయించడం మొదలుపెట్టింది. లిద్దమ్మ గబగబా వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని మెట్ల మీది నుంచి లాగేసింది. "వద్దు. వద్దు, అత్తయ్య, వద్దు!" అని అరిచింది. అరుస్తూనే అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల కంట నీరు పున్నమ్మ చూడలేదు. ఇదేదో ఏడాది నుంచి లోపల నిలవ ఉన్న ఏడుపు. పున్నమ్మ పక్కన చతికిలబడి తల నిమరబోయి, నిమరాలో వద్దో తెలియక చెయ్యి గాల్లోనే ఉంచేసింది.

కాసేపటికి లిద్దమ్మ తల ఎత్తింది. "ఇంటికి," అంది.

"పద తల్లీ, ఇంటికే పోదాం."

లిద్దమ్మ తల అడ్డంగా ఊపింది. చెయ్యి చాచి కిటికీలోంచి ఎటో, అడవి అవతలికి చూపించింది. మాట కోసం వెతుక్కుంది. "అమ్మ. ఇంటికి."

పున్నమ్మ లేచి పియానో మూత వేసింది.

ఆ సాయంత్రమే వెంకటరామారావు గూడేల నుంచి వచ్చాడు. బూట్ల బురదతోనే భార్య గదిలోకి వెళ్లి, చాలాసేపటికి బయటికి వచ్చాడు.

"ఏం చేశావమ్మా నువ్వు? ఆ పాట వాళ్లమ్మ రేవులో బట్టలుతుకుతూ పాడేదట. మెల్లగా మరిచిపోతుందిలే అనుకుంటే నువ్వు కెలికి పెట్టావు."

"మరిచిపోవడమా? రోజూ ఆ పిల్ల నోట్లో అదే పాట. నీకు వినబడలేదా?"

అతను బూట్లు విప్పుకోవడానికి వంగాడు. పున్నమ్మ వాకిట్లోకి వెళ్లింది, మళ్లీ లోపలికి వచ్చింది. చెంగు నడుముకు బిగించింది.

"దాన్ని పంపించు."

"ఎక్కడికి?"

"ఎక్కడికేందిరా? పుట్టింటికి. మొదటి కాన్పు పుట్టింట్లోనే కదా. మనింటా వంటా అదే కదా. వాళ్లకు లేకపోతే మనకుంది."

"అదేమన్నా సత్తుపల్లా, బస్సెక్కించి పంపడానికి? వేల మైళ్లమ్మా."

"ఎన్ని మైళ్లైనా పుట్టిల్లు పుట్టిల్లే. ఐదో నెల నడుస్తోంది. ఆలస్యమైతే విమానం ఎక్కనివ్వరట. తొందరగా చూడు."

వెంకటరామారావు కుర్చీలో కూర్చుని తల పట్టుకున్నాడు. ఆసుపత్రిలో ఎంతమంది మీదికి వచ్చినా తొణకని మనిషి. "పోతే మళ్లీ రాదమ్మా," అన్నాడు మెల్లగా. "ఈ అడవిలో ఏముందని వస్తుంది? ఎందుకు వస్తుంది?"

పున్నమ్మ కొడుకు ఎదురుగా కూర్చుంది.

"నీ కాన్పుకు నేను మా అమ్మ దగ్గరికి పోయా. మీ నాయన అప్పుడు జైలు, లేకపోతే అజ్ఞాతం. ఇంట్లో పోలీసులు. నువ్వు పుట్టాక మూడో నెల వచ్చింది, ఐదో నెల వచ్చింది, నేను కదల్లేదు. ఇక పోనని మా అమ్మకు చెప్పా కూడా. మీ నాయన ఒక్కసారి వచ్చి నిన్ను చూసి, నీకు మనసైనప్పుడే రా అని నాతో చెప్పి వెళ్లిపోయిండు. చెయ్యి పట్టి లాగితే రాకపోదును. లాగలేదు కాబట్టి వచ్చా."

"ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు."

"నువ్వు ఆ పిల్లను ఇంట్లో పెట్టి గూడేలు తిరగబట్టి చెప్తున్నా."

కాగితాలు కదిలాయి. వెంకటరామారావు హైదరాబాద్ తిరిగాడు, ఢిల్లీ తిరిగాడు. ప్రయాణం ఖాయమైన రోజు నుంచి లిద్దమ్మ మొహం మారింది, కానీ వరండాలో నడక మాత్రం మానలేదు. ఇప్పుడు పున్నమ్మ కూడా వెంట నడిచేది. ఒక మధ్యాహ్నం లిద్దమ్మే అత్త చెయ్యి పట్టుకుని హాలుకు తీసుకెళ్లింది. మెట్ల మీద సగం చెరిగిన అంకెలను వేలితో తడిమి, ఎక్స్‌రే కవరు చేతిలోకి తీసుకుంది. వాయించమని సైగ చేసింది. పున్నమ్మ భయపడుతూనే వాయించింది. తెగినచోటికి రాగానే లిద్దమ్మ ఆపలేదు. గొంతెత్తి పాడింది. ఈసారి మాటలతో. పాట దిగిన మెట్లన్నీ మళ్లీ ఎక్కి, మునుపు ఆగిన చోటు కంటే పైకి పోయి, అక్కణ్నుంచి విడిచిపెట్టినట్టు జారింది. తర్వాత ఆమె పెన్సిలుతో ఆ ముక్కకు కూడా అంకెలు రాసింది. అంకెలు అందరివీ ఒకటే కదా. పున్నమ్మ మొదటిసారి ఆ పిల్ల రాసింది చదివింది.

లిద్దమ్మ వెళ్లిపోయింది. పున్నమ్మ పెనుబల్లి పోయి మిరప కోతలు చూసుకుని మళ్లీ అడవికి వచ్చింది. సంక్రాంతి పోయిన తర్వాత టెలిగ్రాం వచ్చింది. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. పున్నమ్మ వార్డు వార్డంతా బెల్లం పంచింది. తర్వాత, పిల్లకు పేరింకా పెట్టలేదంటూ రెండు ఉత్తరాలు వచ్చాయి. ఆపైన రాలేదు.

వేసవి వచ్చింది. వెంకటరామారావు సిగరెట్లు తాగడం మొదలుపెట్టాడు. పోస్టు సంచి వచ్చే వేళకు ఏదో పనున్నట్టు గేటు దగ్గర తచ్చాడేవాడు. పున్నమ్మకు ఇంట్లో ఉంటే ఊరి మీద, ఊళ్లో ఉంటే ఇంటి మీద ధ్యాస. పెనుబల్లిలో తోడికోడలు సుశీలమ్మ అననే అంది: "తెల్లపిల్ల. ఇంకెందుకొస్తుందక్కా? చేతులారా పంపించుకుంటివి." పున్నమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది. ఒకరోజు కొడుకే అన్నాడు, "నువ్వే కదా పంపమన్నావు," అని. అనేసి, తల వంచుకుని వెళ్లిపోయాడు. పున్నమ్మకు అది నిజమే అనిపించింది. పంపింది తనే. ఆ పూట హాలుకు పోయి కూర్చుంది గానీ మెట్ల మీద వేలు పెట్టలేకపోయింది. తను తప్పు చేసిందా? లాగితే నిలిచేదా? లాగి నిలబెట్టిన మనిషితో కొడుకు సుఖపడేవాడా? ఎటు తిప్పినా తేలలేదు. లేచి, దుమ్ము లేకపోయినా హాలంతా ఊడ్చి వచ్చింది.

తొలకరి పడ్డాక ఢిల్లీ నుంచి టెలిగ్రాం వచ్చింది. ఫలానా రోజు బండికి ఖమ్మం వస్తున్నాను, లిదియా. అంతే.

తల్లీ కొడుకూ జీపులో ఖమ్మం వెళ్లారు. బండి ఆలస్యమని చెప్పారు, మళ్లీ ఇంకా ఆలస్యమన్నారు. ప్లాట్‌ఫారం మీద వెంకటరామారావు ఒక్క బెంచీ మీదా కుదురుగా కూర్చోలేదు. బండి ఆగాక, జనం దిగి పలచబడ్డాక, చివరి పెట్టెలోంచి లిద్దమ్మ దిగింది. ఎండకు ముక్కు ఎర్రబడింది. భుజాన సంచి, చంకలో పిల్ల. నిద్రపోతున్న ఆ పిల్లకు తండ్రి నలుపూ కాదు, తల్లి తెలుపూ కాదు, చామన రంగు. వెంకటరామారావు చెయ్యి చాచి సంచి అందుకున్నాడు. లిద్దమ్మ పిల్లను తెచ్చి నేరుగా పున్నమ్మ చేతుల్లో పెట్టింది. తర్వాత భర్త వైపు తిరిగి ఏదో గట్టిగా, వేలు చూపించి మరీ చెప్పింది.

"ఏమంటోందిరా?"

"ఢిల్లీలో ఆఫీసు చుట్టూ తనే తిరిగి అనుమతి తెచ్చుకుందట. సోమవారం నుంచి వార్డులో పని చేస్తుందట. ఇంట్లో కూర్చోపెడితే మళ్లీ బండెక్కుతానంటోంది."

"మంచిదే. పిల్లను నేను చూసుకుంటా. ఉత్తరాలెందుకు రాయలేదో అడుగు."

అతను అడిగాడు. లిద్దమ్మ తక్కువ మాటల్లో చెప్పింది. "రావాలో వద్దో తేలక రాయలేదట," అన్నాడు వెంకటరామారావు. అబద్ధం చెప్పనందుకు పున్నమ్మ కోడలిని మెచ్చుకుంది, మనసులోనే.

"పేరేం పెట్టారు పిల్లకు?"

"వేరా," అంది లిద్దమ్మ.

పున్నమ్మ మొహం చిన్నబోయింది. "వేరా? వేరేం కాదు తల్లీ, మన పిల్లే. ఎవరన్నారు వేరని?"

వెంకటరామారావు నవ్వాడు. పోయినేడు నుంచి అతను నవ్వగా చూడలేదు ఆమె. "అది పేరమ్మా. వాళ్ల భాషలో నమ్మకం అని అర్థం."

"అట్లనా," అని పున్నమ్మ పిల్ల మొహంలోకి చూసింది. పిల్ల కళ్లు విప్పి, ఎండ తగిలి, ఆ కొత్త మొహాన్ని చూసి స్టేషను అదిరిపోయేలా ఏడుపు లంకించుకుంది. పున్నమ్మ కొంగు నీడ పట్టి, జీపు వైపు పెద్ద పెద్ద అంగలు వేస్తూ, "ఎండలో నిలబడి ముచ్చట్లేందిరా, పదండి, పదండి, పాలవేళయింది," అని వెనక్కి చూడకుండానే కేకేసింది.